రెండో రౌటరా, ఎక్స్‌టెండరా, మెషా: మన పొడుగు ఇళ్లకి ఏది పనికొస్తుంది

వీధి గదిలో యూట్యూబ్ ఆగకుండా ఆడుతుంది, అదే ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్తే వాట్సాప్ ఫోటో కూడా గిర్రున తిరుగుతూ కూర్చుంటుంది. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం పాత వీధుల్లో ఎవరిని కదిపినా ఇదే గోల. ఇళ్లు అలా కట్టారు మరి. వీధివైపు పది పన్నెండు అడుగుల వెడల్పు, లోపలికి మాత్రం గది వెనక గది, దాని వెనక గది, చివర పెరడు, పక్కింటితో కలిసిన గోడ. ఫైబర్ వైరు స్తంభం నుంచి వీధి గదిలోకి వస్తుంది, వేసే కుర్రాడు కిటికీ పక్కనే పెట్టె, అంటే వైఫై రౌటర్, బిగించి వెళ్లిపోతాడు. ఆ పెట్టె నుంచి సగం సిగ్నల్ రోడ్డు మీద తిరిగే ఆవులకి, మిగతా సగం మనకి.

అప్పుడు ఎవరో ఒకరు "మెష్ పెట్టించు" అంటారు, కొట్టువాడు "ఎక్స్‌టెండర్ చాలండి, వెయ్యి రూపాయల్లో అయిపోతుంది" అంటాడు, హైదరాబాద్‌లో ఉండే మేనల్లుడు ఫోన్‌లోనే "మావయ్యా, యాక్సెస్ పాయింట్ వేసుకో" అంటాడు. మెష్ అంటే కలిసి పని చేసే రెండు మూడు వైఫై పెట్టెల జట్టు, ఎక్స్‌టెండర్ అంటే రౌటర్ సిగ్నల్‌ని పట్టి ముందుకి పంపే చిన్న పెట్టె, యాక్సెస్ పాయింట్ అంటే వైరుతో నెట్ అందుకుని అక్కడ వైఫై ఇచ్చే పెట్టె. ముగ్గురూ వాళ్ల వాళ్ల ఇళ్ల లెక్కలో కరెక్టే. నా మాట ఏమిటంటే, పెట్టె ఏది కొనాలో తర్వాత చూద్దాం, ముందు ఇంట్లో లాన్ వైరు (రౌటర్ నుంచి ఇంకో పెట్టెకి నెట్ మోసే వైరు) ఎక్కణ్ణుంచి ఎక్కడికి లాగగలరో చూడండి. వైరుకి దారి దొరికితే ఖరీదైన పెట్టెలతో చాలామందికి పనే ఉండదు.

రూపాయి ఖర్చు లేకుండా ముందు ఇది చూడండి

పెట్టెని జరపండి. వీధి గది కిటికీలోంచి తీసి ఇంటి నడిమధ్య గదిలో, తల ఎత్తున, బీరువాకీ ఫ్రిజ్‌కీ దూరంగా పెడితే కొందరి సమస్య అక్కడికక్కడే సగం తీరిపోతుంది. స్టీలు బీరువా వెనక దాచిన రౌటర్లు ఎన్నో చూశాను, అందంగా కనపడాలని. ఇనుము సిగ్నల్‌ని ఆపేస్తుంది, పెద్ద అద్దం కూడా అంతే, వెనక పెరట్లో వేసిన రేకుల షెడ్డు సంగతి సరేసరి. ఫైబర్ వైరు సన్నగా ఉంటుంది కాబట్టి గోడ వెంట లోపలికి తేవడం కష్టమేమీ కాదు, మూలల దగ్గర ముడుచుకుపోయేలా మాత్రం వంచకూడదు, లోపల ఉన్నది గాజు. వైరు చాలకపోతే కనెక్షన్ ఇచ్చినతన్ని పిలిస్తే కొత్త ముక్క కలిపి ఇస్తాడు, టీ, కొంచెం డబ్బులు, సగం ఒడియాలో సగం తెలుగులో బతిమాలుడు.

జరిపినా వెనక గదికి అందకపోతే అప్పుడు కొనుగోలు గురించి ఆలోచించాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది మీ ప్లాన్ వేగం. 40, 50 ఎంబీపీఎస్ ప్లాన్ వాడుతూ గిగాబిట్ (అంటే 1000 ఎంబీపీఎస్) రౌటర్ల ధరలు చూడక్కర్లేదు. అటక మీద పడేసిన పాత రౌటర్ పోర్టు (లాన్ వైరు గుచ్చే కన్నం) 100 ఎంబీపీఎస్‌ది అయినా ఆ ప్లాన్‌కి సరిపోతుంది. 100 దాటిన ప్లాన్ అయితే పోర్టులు గిగాబిట్‌వా కాదా అన్నది తప్పకుండా చూడాలి, ఎందుకంటే పెట్టె మీద "1200" అని పెద్ద అక్షరాలు వేసి లోపల 100 పోర్టు పెట్టేవి చాలానే ఉన్నాయి. టీపీ లింక్‌లోనే ఆర్చర్ సీ50కి 100 పోర్టులు, ఆర్చర్ సీ6కి గిగాబిట్ పోర్టులు. మెష్‌లో డెకో ఈ4కి 100, డెకో ఎం4కి గిగాబిట్. బయటికి చూస్తే పెద్ద తేడా కనపడదు.

రెండోది గోడలు. పాత ఇళ్ల మందపాటి గోడలు రెండు దాటేసరికి వైఫై వాడే రెండు రేడియో బ్యాండ్లలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ దాదాపు చచ్చిపోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ ఇంకాస్త దూరం వెళ్తుంది గానీ వేగం తక్కువ, పైగా కలిసిన గోడల వీధిలో ఇటు ఇద్దరు అటు ఇద్దరు పొరుగువాళ్ల రౌటర్లు అదే బ్యాండులో అరుస్తూ ఉంటాయి. మేడ మీదికి అయితే మధ్యలో ఇనప ఊచల స్లాబు.

మూడోది కరెంటు, దీని గురించి పెద్ద ఊళ్ల యూట్యూబర్లు ఎవరూ మాట్లాడరు. మన దగ్గర వేసవిలో సాయంత్రం ఉరుములు మొదలైతే కరెంటు పోతుంది. ఇంట్లో ఒక పెట్టె ఉంటే ఒక చిన్న యూపీఎస్ చాలు. మూడు పెట్టెలు మూడు గదుల్లో పెడితే మూడింటికీ ఏదో ఒక ఏర్పాటు కావాలి, లేకపోతే కరెంటు పోగానే వీధి గదిలో వైఫై బతికుంటుంది, మీరు కూర్చుని పని చేసే వెనక గదిలో పోతుంది.

ఇక నాలుగోది, నడుస్తూ మాట్లాడతారా ఒకచోట కూర్చుంటారా అన్నది. వీడియో కాల్‌లో ఉండి వంటింటి నుంచి మేడ మీదికి వెళ్లే అలవాటున్న ఇంటికీ, ఒక గదిలో ల్యాప్‌టాప్, ఇంకో గదిలో టీవీ అని స్థిరంగా ఉండే ఇంటికీ ఒకటే సలహా చెప్పలేం.

| మార్గం | వేగం | వైరు పని | కరెంటు పోతే | ఖర్చు |
|---|---|---|---|---|
| ఎక్స్‌టెండర్ | సగానికి సగం పడిపోవచ్చు | లేదు | నేరుగా ప్లగ్‌లో ఉంటుంది, ఇన్వర్టర్ లేకపోతే ఆగిపోతుంది | అన్నిటికంటే తక్కువ |
| రెండో రౌటర్, లాన్ వైరుతో | పూర్తిగా వస్తుంది | ఒక వైరు లాగాలి | చిన్న యూపీఎస్ పెట్టుకోవచ్చు | పాత రౌటర్ ఉంటే వైరు ఖర్చే |
| మెష్, వైరు లేకుండా | గోడల్ని బట్టి | లేదు | ప్రతి పెట్టెకీ విడిగా చూడాలి | ఎక్కువ |
| మెష్, వైరుతో | పూర్తిగా వస్తుంది | ఉంది | పైదే | అన్నిటికంటే ఎక్కువ |
| పవర్‌లైన్ (కరెంటు వైర్ల మీద నెట్) | ఇంటి వైరింగ్ దయ | లేదు | ఇన్వర్టర్ లేకపోతే ఆగిపోతుంది | మధ్యస్థం |

ఎక్స్‌టెండర్

దీన్ని అందరూ తిడతారు, కొంతవరకు న్యాయమే. చవక ఎక్స్‌టెండర్ ఒకే రేడియోతో అసలు రౌటర్ మాట వింటుంది, అదే రేడియోతో మీ ఫోనుకి చెబుతుంది. ఒకే చెయ్యి బావిలోంచి నీళ్లు తోడాలి, అదే చెయ్యి గోలెంలో పొయ్యాలి, అందుకే వేగం సగం అవుతుంది. రెండు బ్యాండ్లున్నది కొంటే ఒకదాంతో తోడి ఇంకోదాంతో పోసే వీలుంటుంది, కాస్త మెరుగు.

కానీ ఎక్కువమంది దగ్గర అది పని చెయ్యకపోవడానికి కారణం పెట్టిన చోటు. సిగ్నల్ లేని గదిలో పెడతారు. అక్కడ దానికే ఏమీ వినపడదు, ఇంక మీకేం చెబుతుంది? అసలు రౌటర్‌కీ చచ్చిపోయిన గదికీ సగం దారిలో, ఇంకా సిగ్నల్ బాగున్న చోట పెట్టాలి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వైఫై ఎనలైజర్ రకం యాప్ ఒకటి వేసుకుని చూడండి, సిగ్నల్ అంకె మైనస్ 60 దగ్గర్లో ఉంటే మంచి చోటు, మైనస్ 70 దాటి మైనస్ 80 వైపు పోతుంటే అక్కడ ఎక్స్‌టెండర్ పెట్టడం దండగ. మైనస్ గుర్తు పక్కన అంకె ఎంత చిన్నదైతే సిగ్నల్ అంత మంచిదని గుర్తుపెట్టుకోండి.

అమ్మగారి గదిలో ఒక ఫోను, వాట్సాప్, భక్తి పాటలు, అంతే అంటే ఎక్స్‌టెండర్ నిక్షేపంగా చాలు. అద్దె ఇల్లు, గోడకి కన్నం కొట్టనివ్వరు, రెండేళ్లలో బదిలీ, అప్పుడు కూడా తీసుకోండి, తీసేసి పెట్టెలో వేసుకుని పోవచ్చు. ఇంటి నుంచి ఆఫీసు పని చేసేవాళ్లు మాత్రం దీని జోలికి పోవద్దు.

రెండో రౌటర్, లాన్ వైరుతో

నా ఓటు దీనికే. అసలు పెట్టె నుంచి ఒక లాన్ వైరు వెనక గదికి లాగి, అక్కడ మామూలు రౌటర్ ఒకటి యాక్సెస్ పాయింట్‌గా పెట్టడం. వైరు మీద వచ్చేది గోడలకి లొంగదు, పక్కింటి రౌటర్‌కి లొంగదు. వీధి గదిలో ఎంత వేగమో వెనక గదిలో ఇంచుమించు అంతే, ఆ రౌటర్‌కి ఆ శక్తి ఉంటే. వెనక టీవీకీ కంప్యూటర్‌కీ అదే రౌటర్ పోర్టుల్లోంచి వైర్లు పెట్టేస్తే వైఫై మీద బరువు కూడా తగ్గుతుంది.

అడ్డం వచ్చేది వైరే. పొడుగు ఇంట్లో గది నుంచి గదికి గుమ్మాల పైనుంచి, చూరు వెంట తెల్ల పట్టీలో లాగితే కంటికి పెద్దగా కనపడదు. కరెంటు వైర్లున్న పైపులోనే దీన్ని దూర్చకండి, ఎలక్ట్రీషియన్ "ఏం కాదండీ" అంటాడు, అయినా వద్దు, ప్రమాదం ఒకటి, సిగ్నల్ గొడవ ఇంకోటి. క్యాట్ 5ఈ గానీ క్యాట్ 6 గానీ తీసుకోండి, ఇంటికి రెండూ చాలు, రెండూ 100 మీటర్ల వరకు గిగాబిట్ మోస్తాయి. కొట్లో అడగాల్సింది ఒకటే, లోపలి తీగ అసలు రాగేనా, లేక అల్యూమినియం మీద రాగి పూతా అని. పూత వైరు చవక, కొన్నాళ్లకి క్రింప్ చేసిన (కొనకి ప్లగ్ బిగించిన) చోట విరిగిపోతుంది. పెరట్లోకి, మేడ మీదికి బయటనుంచి వేస్తే ఎండకి తట్టుకునే నల్ల తొడుగు వైరు, దాని మీద పీవీసీ పైపు. లేకపోతే ఎలకలో ఉడతలో దాని పని చూస్తాయి.

క్రింపింగ్‌లో ఎనిమిది తీగలూ సరిగ్గా కూర్చోవాలి. గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి, 100కి నాలుగు చాలు. అందుకే ఒక తీగ వదులైతే నెట్ పూర్తిగా ఆగకుండా 100కి పడిపోయి కూర్చుంటుంది, మనం ప్లాన్‌ని తిట్టుకుంటాం. కుర్రాడు వెళ్లేలోపే ల్యాప్‌టాప్ పెట్టి లింక్ వేగం ఎంత చూపిస్తోందో చూసుకోండి.

లోటు కూడా చెప్పాలి. ఫోను ఒక రౌటర్ నుంచి రెండోదానికి మారే విషయం ఫోనే తేల్చుకుంటుంది, కొన్ని ఫోన్లు పాత సిగ్నల్‌ని జిడ్డులా పట్టుకుని వేలాడతాయి. కాల్‌లో ఉండగా నడుచుకుంటూ వెళ్తే ఒకటి రెండు క్షణాలు మాట తెగుతుంది. మా ఇళ్లల్లో ఎవరూ దీన్ని పట్టించుకోరు, మీ ఇంట్లో ఆఫీసు కాల్స్ ఎక్కువైతే ఆలోచించండి.

మెష్

మెష్ అంటే మంత్రం ఏమీ లేదు. ఒకే కంపెనీ పెట్టెలు రెండు మూడు, ఒకే పేరుతో ఒకే యాప్‌లోంచి నడుస్తాయి, ఫోను ఏ పెట్టెకి అంటుకోవాలో వాటిల్లో అవి మాట్లాడుకుని ఫోనుకి చెబుతాయి. సెట్ చెయ్యడం తేలిక, పిల్లలు ఊళ్లో లేని పెద్దవాళ్ల ఇంటికి ఇదే దీని గొప్ప. మేనల్లుడు హైదరాబాద్‌లో కూర్చుని యాప్‌లోంచి చూసి "మావయ్యా, వెనక పెట్టె ప్లగ్ తీసేశారా" అని అడగగలడు.

వైరు లేకుండా పెడితే మాత్రం గోడల లెక్క తప్పదు. పెట్టెకీ పెట్టెకీ మధ్య గాలిలోనే సమాచారం పోవాలి, మందపాటి గోడ దానికీ మందపాటిదే. రెండు బ్యాండ్ల చవక మెష్‌లో ఫోన్లూ ఆ మధ్య దారీ ఒకే రేడియోని పంచుకుంటాయి కాబట్టి రెండో పెట్టె దగ్గర వేగం బాగా తగ్గుతుంది, మూడో పెట్టె దగ్గర ఇంకా. మూడు బ్యాండ్లున్నవి చాలావరకు ఒక బ్యాండుని దారికే కేటాయిస్తాయి, ధర చూస్తే గుండె ఆగుతుంది. పొడుగు ఇంట్లో పెట్టెలన్నీ ఒకే వరసలో వస్తాయి, చతురస్రపు ఫ్లాట్‌లోలా ఒకదాన్నుంచి మిగతా రెంటికీ నేరుగా అందదు, వరసలో చివరి పెట్టెకి ఎప్పుడూ అన్యాయమే.

మెష్ కొని దానికి వైరు కూడా వేస్తే అన్నిటికంటే మంచి ఏర్పాటు అవుతుంది, వేగానికి వేగం, నడకలో తెగకపోవడానికి తెగకపోవడం. అప్పుడు చవక మెష్ కూడా బాగా పని చేస్తుంది. వైరు ఎలాగూ వేస్తున్నారు కాబట్టి, డబ్బుంటే ఇది, లేకపోతే ఇంతకుముందు చెప్పిన పాత రౌటర్.

ఇంకో మాట, మెష్ పెట్టెని ఫైబర్ పెట్టెకి తగిలించాక దాన్ని కూడా యాక్సెస్ పాయింట్ మోడ్‌లోనే పెట్టండి, లేకపోతే ఫైబర్ పెట్టె ఒకసారి, మెష్ ఒకసారి అడ్రసులు పంచి రెండు పొరలవుతుంది. యూట్యూబ్ బానే వస్తుంది. సీసీ కెమెరా బయటనుంచి చూడాలన్నా, పిల్లలు ఆటలు ఆడాలన్నా అప్పుడు తెలుస్తుంది. పాత ఫైబర్ పెట్టె వైఫైని కూడా ఆపెయ్యండి.

పవర్‌లైన్

కరెంటు వైర్లలోంచే నెట్ పంపే అడాప్టర్లు. గోడల గొడవ లేదు, చదివితే ఆశ పుడుతుంది. పాత ఇళ్లల్లో అతుకుల వైరింగ్, ముందు గదులు ఒక ఫేజ్, వెనక గదులు ఇంకో ఫేజ్, మధ్యలో స్పైక్ బస్టర్లు, ఇవన్నీ దాని పీక నొక్కుతాయి. చుట్టుపక్కల కొట్లలో దొరకడమూ కష్టం. వెనక్కి తీసుకుంటారంటేనే ఆన్‌లైన్‌లో తెప్పించి చూడండి.

మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

*మేడ మీద గదులు కాలేజీ పిల్లలకి అద్దెకి ఇచ్చినవాళ్లు.* గుణుపురంలోనూ పర్లాకిమిడి చుట్టుపక్కలా ఇది మామూలే. ఇక్కడ వేగం కంటే ముందు వేరు చెయ్యడం ముఖ్యం, మీ ఫోన్లూ కెమెరాలూ వాళ్లకి కనపడకూడదు. చాలామంది మేడ మీద రెండో రౌటర్‌ని రౌటర్ మోడ్‌లోనే (తన అడ్రసులు తనే పంచేలా) పెట్టి "వేరయిపోయింది" అనుకుంటారు. అది తిరగేసి ఉంటుంది. లోపలి రౌటర్ (రెండోది) వెనక ఉన్నవాళ్లు బయటి రౌటర్‌కి (అసలు పెట్టెకి) తగిలించినవాటిని చూడగలరు, బయటివాళ్లు లోపలివాళ్లని చూడలేరు. అంటే మీ ఇంటి సామాను అసలు పెట్టెకే తగిలించి ఉంటే, మేడ మీద పిల్లల్లో చురుకైనవాడు దాన్ని వెతికి పట్టుకోగలడు. గెస్ట్ నెట్‌వర్క్ (బయటివాళ్లకి విడిగా ఇచ్చే వైఫై) వాడండి. రెండో పెట్టెలో కూడా ఆ గెస్ట్ నిజంగా వేరుగా ఉంటుందో లేదో చూసి కొనండి, ఈ విషయంలో మెష్ సెట్లు కొంచెం మెరుగు. అది కుదరకపోతే మీ ఇంటి సామానే లోపలి రౌటర్ వెనక్కి మార్చుకోండి.

*ఒకే ప్రహరీలో రెండు ఇళ్లు, అన్నదమ్ములు చెరో ఇంట్లో.* మధ్యలో బయట రాగి లాన్ వైరు వెయ్యడం నాకు ఇష్టం లేదు. కాలబైశాఖి (వేసవి ఉరుముల గాలివాన) రోజుల్లో పిడుగు దగ్గర్లో పడితే చాలు, ఆ వైరులో పుట్టే వోల్టేజీ రెండువైపులా పోర్టుల్ని కాల్చేస్తుంది. మధ్యలో ఫైబర్ ముక్క వేసి, అటూ ఇటూ మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ని లాన్ వైరుకి కలిపే చిన్న పెట్టెలు) పెట్టించుకోండి. గాజులోంచి కరెంటు పోదు. ఫైబర్ అతికే మిషను మీ కనెక్షన్ వేసినతని దగ్గరే ఉంటుంది.

*ఇంటి నుంచి పని చేసేవాళ్లు.* వైరు, రెండో రౌటర్, రెండింటికీ యూపీఎస్. చిన్న యూపీఎస్ మీద 8,800 ఎంఏహెచ్ అని ఉంటే మురిసిపోకండి, అది లోపలి 3.7 వోల్టుల సెల్ లెక్క, తీరా లెక్కేస్తే 32 వాట్ అవర్లు. 6 వాట్లు తాగే రౌటర్‌కి నష్టాలు పోగా నాలుగు గంటలు వస్తే గొప్ప, రెండు పెట్టెలు దానికే తగిలిస్తే అందులో సగం. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులో చదవండి, 12 వోల్టులవి ఎక్కువ, పాత చిన్న రౌటర్లు కొన్ని 9 వోల్టులవి. ఇంటికి ఇన్వర్టర్ ఉంటే వెనక గదిలో రౌటర్ పెట్టే ప్లగ్ ఆ లైన్ మీద ఉందో లేదో మెయిన్ ఆపి చూడండి, ఫ్యాను తిరిగినంత మాత్రాన ప్లగ్‌కి కరెంటు ఉన్నట్టు కాదు. పెద్ద తుపానుకి ఇవేవీ ఆగవు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను గజపతి జిల్లానీ శ్రీకాకుళాన్నీ ఊడ్చినట్టు ఊడిస్తే స్తంభాలే ఉండవు. దానికి వేరే కంపెనీ సిమ్ ఒకటి ఫోన్‌లో రెడీగా ఉండాలి, సరిహద్దు ఊళ్లల్లో అటు ఆంధ్రా టవర్ పట్టినా ఇటు ఒడిశా టవర్ పట్టినా మనకి పని జరిగితే చాలు.

*పెద్దవాళ్లు మాత్రమే ఉండే ఇల్లు.* రెండు పెట్టెల మెష్. డబ్బు ఎక్కువే, కానీ ఫోన్‌లో "ఆ వెనక నీలం లైటు వెలుగుతోందా అమ్మా" అని అరగంట అడిగే బాధ తప్పుతుంది.

పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ చెయ్యడం

రెండో రౌటర్‌ని దేనికీ తగిలించకుండా ఒక్కదాన్నే ఆన్ చేసి, ఫోను గానీ ల్యాప్‌టాప్ గానీ దానికి కలిపి, వెనక స్టిక్కర్ మీదున్న అడ్రసుతో లోపలికి వెళ్లండి. మెనూలో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే అది నొక్కండి, పని సగం అయినట్టే. అది లేని పాత వాటిల్లో చేత్తో చెయ్యాలి.

అసలు పెట్టె అడ్రసు 192.168.1.1 అయితే రెండోదానికి 192.168.1.250 లాంటిది ఇవ్వండి. మొదటి మూడు అంకెలు కలవాలి, చివరిది వేరుగా ఉండాలి, అసలు పెట్టె పంచే అడ్రసుల వరసకి బయట ఉండాలి. కొన్ని ఫైబర్ పెట్టెల్లో 192.168.29.1 ఉంటుంది, అప్పుడు దీనికీ 29 పెట్టాలి. తర్వాత రెండోదాంట్లో డీహెచ్‌సీపీ (అడ్రసులు పంచే పని) ఆపెయ్యండి. ఇది మర్చిపోతేనే వచ్చే రోగం ఒకటుంది, ఫోనుకి వైఫై గుర్తు నిండుగా కనపడుతుంది, నెట్ మాత్రం ఒకసారి వస్తుంది ఒకసారి రాదు. వైరుని అసలు పెట్టె లాన్ పోర్టు నుంచి రెండోదాని లాన్ పోర్టుకే పెట్టండి, రంగు వేరుగా ఉండే వాన్ పోర్టు (బయటి నెట్ వచ్చేది) ఖాళీగా వదిలెయ్యండి.

వైఫై పేర్లు మొదట రెండింటికీ వేరువేరుగా పెట్టి వారం వాడితే ఏ గదిలో ఏది బాగా అందుతోందో తెలుస్తుంది. నచ్చాక రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, ఒకే రకం సెక్యూరిటీ పెట్టెయ్యండి. 2.4లో ఒకదానికి ఛానల్ 1, ఇంకోదానికి 6 గానీ 11 గానీ ఇచ్చి ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ మీద ఉంచండి, 5లో ఒకటి 36, ఇంకోటి 149. ఆ తర్వాత కూడా మీ ఫోను వంటింట్లోకి వచ్చినా వీధి గది రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంటే, వీధి గది రౌటర్ పవర్‌ని హై నుంచి మీడియంకి తగ్గించండి.